పసుపు మాత్రలు, ఎలుకల కళ్ళు, మన కళ్ళు

"షుగరు వల్ల కంటికి వచ్చే ముప్పుని పసుపు ఆపుతుందని హైదరాబాదులో ఎలుకల మీద రుజువైందట కదా, మాత్రలు కొనమంటారా?" అని ఇక్కడి మనవాళ్ళు నన్ను తరచు అడుగుతూ ఉంటారు. వాళ్ళు విన్నది పుకారు కాదు. కాకపోతే విన్నది సగమే.

ఆ పరిశోధన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో భానుప్రకాశ్ రెడ్డి గారి బృందం చేసినది, 2005లో అచ్చయింది. స్ట్రెప్టోజోటోసిన్ అనే రసాయనంతో ఎలుకలకి షుగరు తెప్పించి, కొన్నిటి మేతలో కర్‌క్యుమిన్, కొన్నిటి మేతలో మామూలు పసుపు కలిపారు. రక్తంలో చక్కెర తగ్గలేదు, కాని కంట్లో శుక్లాలు ముదరడం ఆలస్యమైంది. పైగా విడదీసిన కర్‌క్యుమిన్ కంటే వంటింటి పసుపే మెరుగ్గా పనిచేసింది. ఈ ముక్క మాత్రల డబ్బా మీద కనబడదు! 2007లో ఉసిరికాయతోనూ ఇలాంటి ఫలితమే వచ్చింది.

మరి మిగతా సగం? ఇదే బృందం 2003లో గాలక్టోజ్ మేపి ఎలుకలకి శుక్లాలు తెప్పించింది. కిలో మేతకి 20 మిల్లీగ్రాముల కర్‌క్యుమిన్ కలిపితే శుక్లం ఆలస్యమైంది. 100 మిల్లీగ్రాములు కలిపితే, ఏ మందూ ఇవ్వని ఎలుకల్లో కంటే తొందరగా ముదిరింది. 2005లో మాత్రం ఆ ఎక్కువ మోతాదూ మేలే చేసింది. ఎలుకల్లోనే మోతాదు ఇలా తిరగబడుతుంటే, ఇక్కడ అమ్మే 500 మిల్లీగ్రాముల మాత్ర మన కంటికి ఏం చేస్తుందని చెప్పగలం?

అసలు చిక్కు ఇంకొకటి. శుక్లాన్ని శస్త్రచికిత్సతో తీసేయవచ్చు. షుగరు రోగి ఎక్కువగా భయపడవలసింది రెటీనా గురించి. చక్కెరని సార్బిటాల్‌గా మార్చే ఆల్డోజ్ రిడక్టేజ్ అనే ఎంజైముని అడ్డుకుంటే కన్ను నిలుస్తుందని జంతువుల్లో చూసి, సార్బినిల్ అనే మందుని అమెరికాలో 497 మంది రోగుల మీద పరీక్షించారు. 1990లో ఫలితం వచ్చింది: రెటీనా జబ్బు మీద చెప్పుకోదగ్గ ప్రభావం లేదు, కొందరికి ఎలర్జీ కూడా వచ్చింది. ఎలుక కంటి కటకంలో ఈ ఎంజైము మనకంటే చాలా ఎక్కువ. పసుపు, ఉసిరి పనిచేసే దారుల్లో ఇదీ ఒకటి కనుక ఆ కథ మనకి పనికొస్తుంది.

1994 నాటి చట్టం ప్రకారం ఇలాంటి మాత్రలు పనిచేస్తాయని ఎఫ్‌డీఏకి ముందుగా రుజువు చూపనక్కరలేదు. పసుపు మాత్రలు వాడినవాళ్ళలో కాలేయం దెబ్బతిన్న కేసులని అమెరికన్ వైద్యులు 2022లో ప్రకటించారు. కూరలో చిటికెడు పసుపు సంగతి వేరు, దాన్ని మానక్కరలేదు.

టైప్ 2 షుగరని తేలిన వెంటనే, ఆ తరువాత సాధారణంగా ఏటా, కంట్లో చుక్కలు వేసి రెటీనా చూపించుకోవాలి. కళ్ళజోడు కోసం చేసే పరీక్ష దీనికి సరిపోదు. ఇన్‌స్యూరెన్సులో ఇది తరచు విజన్ ప్లాన్ కింద కాక మెడికల్ కింద వస్తుంది, ముందే ఫోన్ చేసి కనుక్కోండి. వేసవికి వచ్చే అమ్మానాన్నలకి షుగరుంటే ఈ పరీక్ష ఊళ్ళోనే చేయించి విమానం ఎక్కించండి. విజిటర్ పాలసీలు పాత జబ్బులకి సాధారణంగా డబ్బు కట్టవు.