నిమ్మరసానికి శత్రువు ఫ్రీజర్ కాదు

‘ఐసు గడ్డ కట్టిన నిమ్మరసంలో పులుపు తప్ప ఏముంటుంది?’ చాలా తెలుగిళ్లలో ఈ మాటకు ఎదురులేదు. ఫ్రీజర్ తలుపు తీస్తే సత్తువ పోయిందని తేల్చేసేవారే, చక్కెర పోసి పొయ్యిమీద మరిగించిన నిమ్మ పాకాన్ని మాత్రం ధీమాగా నెలల తరబడి వాడుతుంటారు.

నష్టం ఎక్కడ జరుగుతోందో చూసుకోకుండా చలిని దోషిగా నిలబెట్టారు.

సి విటమిన్‌కు గిట్టనివి గాలి, వేడి, వెలుతురు. వీటికి రాగి తోడైతే విటమిన్ మరింత త్వరగా నశిస్తుంది. అందుకే పిండిన రసాన్ని రాగి, ఇత్తడి పాత్రల్లో ఉంచకూడదు. పైగా పులుపుకు ఆ లోహం కూడా రసంలోకి దిగుతుంది. చలి చేసేది ఇందుకు పూర్తిగా వేరు. సున్నాకు దిగువన 18 డిగ్రీల దగ్గర ఈ రసాయన చర్యలు బాగా నెమ్మదిస్తాయి, బూజు ఎదగదు, రసం పులిసిపోదు.

మరిగిస్తే ఏమవుతుందో చరిత్రే చెబుతుంది. 1747లో ‘సాలిస్‌బరీ’ ఓడలో, సి విటమిన్ లోపంతో వచ్చే స్కర్వీ బారిన పడిన రోగులకు నారింజ, నిమ్మ పండ్లిచ్చి గుణం చూపించిన వైద్యుడు జేమ్స్ లిండ్. ఓడల్లో నిల్వ ఉండాలని ఆయనే తర్వాత రసాన్ని గంటల తరబడి వేడి మీద చిక్కబరచి ‘రాబ్’ తయారు చేయమన్నాడు. ఆ వేడికే విటమిన్‌లో చాలా భాగం పోయింది. 1795లో బ్రిటిష్ నౌకాదళం నావికులందరికీ నిమ్మరసం ఇవ్వాలని నిర్ణయించాక, రసం చెడకుండా వాడింది పొయ్యిని కాదు, కాస్త బ్రాందీని.

‘పులుపే కాపలా’ అనేది ఇంకో వాదన. ఇందులో సగం నిజముంది. నిమ్మరసం పీహెచ్ 2 నుంచి 2.5 మధ్య ఉంటుంది కాబట్టి ప్రమాదకరమైన బ్యాక్టీరియా చాలావరకు పెరగదు. ఈస్టు, బూజు మాత్రం ఆ పులుపుకు బెదరవు. నిమ్మకాయ ఊరగాయ ఏడాది నిలిచేది పులుపుతో పాటు దండిగా పడిన ఉప్పు వల్ల. సీసాలో చిటికెడు ఉప్పు వేసి అల్మారాలో పెడితే అది ఊరగాయ కాదు.

ఇదంతా చాదస్తమా అంటే, 2022 వేసవిని గుర్తు చేసుకోవాలి. ఆ ఏప్రిల్‌లో కిలో నిమ్మ 200 రూపాయలు దాటి, ఒక్కో కాయ పది రూపాయలు పలికింది. గూడూరు, ఏలూరు, తెనాలి మార్కెట్లకు కాయలు వెల్లువెత్తి ధర పడిపోయే రోజులూ ఉంటాయి. రసం పిండి దాచుకోవాల్సింది అప్పుడే.

పద్ధతి తేలిక. గింజ నలగకుండా, తొక్కలోని నూనె దిగేంత గట్టిగా నొక్కకుండా పిండాలి, లేకపోతే చేదు. వడకట్టి వెంటనే ఐసు ట్రేలో పోయాలి. ఒక గడ్డ సుమారు ఒక కాయ రసానికి సమానం. గట్టిపడ్డాక గాలి తీసేసిన సంచిలోకి మార్చాలి. కరెంటు పోయి కరిగితే మళ్లీ గడ్డ కట్టించకుండా ఆ రోజే పులిహోరలో వాడేయాలి.

బత్తాయి దగ్గర మాత్రం పెద్దల అనుమానం సబబే. దాని రసంలోని ఓ పదార్థం పిండాక మెల్లగా లిమోనిన్‌గా మారి చేదు తెస్తుంది. గడ్డ కట్టించినా అప్పటికే పుట్టిన చేదు పోదు. అందుకే నల్గొండ బత్తాయిని పిండిన గ్లాసులోనే తాగేయడం మేలు.