సముద్రస్నానమూ, చెవి గుబిలీ

కార్తీకమాసంలో చీరాల దగ్గరి వాడరేవుకు వెళ్ళి సముద్రంలో మునిగివచ్చిన పిల్లవానికి ఒక్కొక్కప్పుడు మరునాడు చెవి దిబ్బడ వేస్తుంది. బడిలో ఉపాధ్యాయుడు పిలిస్తే పలకడు. పరధ్యానమని చీవాట్లు తింటాడు. ఇంటికి వస్తే తల్లి పిన్నీసు అందుకుంటుంది. పాపం, వాని నేరమల్లా చెవిలోని గుబిలి నీటికి ఉబ్బి దారి మూయడమే!

గుబిలి మురికి కాదు. దుమ్మును పట్టి ఉంచి, చర్మాన్ని తడినుండి కాపాడే జిడ్డు అది. చెవిలోపలి చర్మం మెల్లమెల్లగా వెలుపలికి జరుగుతూ, దవడల కదలిక సాయంతో దానిని తానే బయటకు చేరవేస్తుంది. ఇంత చక్కని ఏర్పాటును చెరిచేవి పిన్నీసు, అగ్గిపుల్ల, కోడి ఈక. దూదిపుల్ల నాగరికంగా కనబడుతుందే గాని అదీ వాటి చెల్లెలే. గుబిలిని కర్ణభేరి మీదికి దట్టిస్తుంది.

వెలుపలి డొప్పను తడిగుడ్డతో తుడిస్తే చాలు. దిబ్బడ వేసినప్పుడు గోరువెచ్చని కొబ్బరినూనె రెండు మూడు చుక్కలు వేసి, కాసేపు ప్రక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టాలి. నాలుగైదు రోజులలో గుబిలి మెత్తబడుతుంది. చీము, నొప్పి, కర్ణభేరికి చిల్లి ఉన్నవారికి మాత్రం ఈ నూనె కూడదు. చన్నీళ్ళు చిమ్మితే తల తిరుగుతుంది. ఆ తిరుగుడుకు కారణం వెదకిన వియన్నా వైద్యుడు రాబర్ట్ బారనీకి 1914వ సంవత్సరపు నోబెల్ బహుమానమే లభించింది!

వారమైనా వినికిడి రాకపోతే వైద్యునికి చూపాలి. అంతవరకు ఆ పిల్లవానిని మొదటి బెంచీలో కూర్చోబెట్టాలి.