శాస్త్రమునకు మూడేండ్ల గడువు చాలదు

ఏ పరిశోధనకైనను ధనము మంజూరు చేయుటకు ముందు, దానివలన మూడేండ్లలో నేమి ఫలము చేకూరునని ప్రశ్నించుట నేడు పరిపాటియైనది. ప్రజాధనమునకు లెక్క యడుగుట న్యాయమే. కాని యా లెక్కకు మనము విధించిన గడువు న్యాయమైనదా యని విచారింపవలసియున్నది. ఇందులకు నేను సామాన్య పాఠకులు విని యెరుగని యొక విషయమును, అనగా అత్యల్ప శక్తితో రెండు పయాన్లు పరస్పరము సమీపించి తొలగిపోవు పరిక్షేపణమును, దృష్టాంతముగా గైకొందును.

పరమాణు కేంద్రకమునందలి ప్రోటాన్లను, న్యూట్రాన్లను బంధించు బలమునకు వాహకముగా నొక కణ ముండవలెనని 1935లో జపాను శాస్త్రజ్ఞుడు యుకావా ఊహించెను. 1947లో బ్రిస్టల్ నగరమున పావెల్ బృందమువారు విశ్వకిరణముల జాడలలో దానిని కనుగొనిరి. అదియే పయాన్. ప్రోటాన్ ద్రవ్యరాశిలో ఏడవవంతు మాత్రమే గల యీ కణము ఇంత తేలికగా నుండుటకు కారణము ప్రకృతిలో నిగూఢముగా భగ్నమైన యొక సౌష్ఠవమేనని 1960 ప్రాంతమున భౌతికశాస్త్రజ్ఞుడు నంబు వివరించెను. అట్టి కణములు మందగతితో నెదురైనకొలది వాని పరస్పర ప్రభావము క్షీణించును. ఈ సూత్రము నాధారముగా గొని 1966లో స్టీవెన్ వైన్‌బర్గ్, పయాన్ల తాకిడి తీవ్రతను తెలుపు పరిక్షేపణ దైర్ఘ్యమును గణించెను; పయాన్ ద్రవ్యరాశి ననుసరించిన కొలమానమున దాని తొలి స్థూలవిలువ 0.16 అని తేలినది.

గణించుట యొక యెత్తు, కొలిచి చూచుట మరియొక యెత్తు. విద్యుదావేశము గల పయాన్ సుమారు 26 నానోసెకండ్లలో నశించును గనుక, పయాన్లను గురిగా నిలిపి వానిపై పయాన్లను ప్రయోగించుట యసాధ్యము. కావున కేయాన్ అను కణము విచ్ఛిన్నమై రెండు పయాన్లను, ఒక ఎలక్ట్రానును, ఒక న్యూట్రినోను వెలువరింపగా, ఆ రెండు పయాన్ల పరస్పర ప్రభావము గోచరించు నరుదైన సందర్భములకై శాస్త్రజ్ఞులు నిరీక్షింపవలసివచ్చెను. అట్టివి లక్ష విచ్ఛిత్తులలో సుమారు నాలుగు మాత్రమే దొరకును. 1977లో సుమారు 30,000 ఘటనలను సేకరించిన ప్రయోగము 0.26 అని చెప్పినది. కాని యందలి యనిశ్చితి 0.05 ఉండుటచే దేనిని నిర్ణయించుటకును వీలు లేకపోయెను.

ఈ నడుమ, 1971లో, మన దేశస్థుడును, బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో బహుకాల మాచార్యుడుగా నుండినవాడును నగు శశాంక మోహన్ రాయ్ కొన్ని సమీకరణములను ప్రకటించెను. కార్యము కారణమునకు ముందు సంభవింపరాదు; సకల సంభావ్యతల మొత్తము ఒకటి కావలెను; కణమును ప్రతికణమును తారుమారు చేసినను వర్ణన పొసగవలెను. ఈ మౌలిక నియమముల నుండియే ఆ సమీకరణములు నిష్పన్నమైనవి. 1970 దశకమున వానిని కొంద రుపయోగించిరి. తరువాత అవి చాలవరకు మరుగునపడెను. వాని సంపూర్ణ ప్రయోజనము 2001లో గాని వెల్లడి కాలేదు. ఆ సంవత్సరమున బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన అనంతనారాయణ్, ఐరోపాకు చెందిన కొలాంజెలో, గాసెర్, లాయిట్‌వైలర్లతో కలిసి వానిని సమగ్రముగా సాధించెను. ఆ సాధనను సౌష్ఠవ సిద్ధాంతముతో మేళవింపగా 0.220 అను విలువ లభించెను, అనిశ్చితి 0.005 మాత్రమే.

ఈ చిన్న సంఖ్యపై నొక మహాప్రశ్న యాధారపడియుండెను. శూన్యమని మన మనుకొనునది, పయాన్ వంటి కణములకు మూలాంశములైన క్వార్కు ప్రతిక్వార్కు జంటల ఘనీభవనముతో నిండియున్నదని, పయాన్ ద్రవ్యరాశికి ముఖ్యహేతు వదియేనని అనేకులు నమ్మిరి. 1990 దశకమున ఫ్రాన్సునందలి కొందరు సైద్ధాంతికులు ఆ నమ్మకమును ప్రశ్నించిరి. అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాల నాలుగు లక్షల ఘటనలను, పిదప జెనీవాలోని సెర్న్ పది లక్షలకు పైగా ఘటనలను పరిశీలించి, 2010 నాటికి సిద్ధాంతము చెప్పిన 0.220 అను విలువనే ధ్రువపరచెను. శూన్యముయొక్క స్వభావమును గూర్చిన యొక వివాద మాగణితముతోను, ఆ కొలతతోను పై నమ్మకమునకు అనుకూలముగా పరిష్కృతమైనది.

వైన్‌బర్గ్ గణన మొదలు సెర్న్ కొలత వరకు 44 ఏండ్లు గడచినవి. ఇందులో ఏ మూడేండ్లను విడదీసి పరీక్షించినను నిష్ఫలమనియే తోచును. రాయ్ సమీకరణములను నాటి పనికిరానివాని జాబితాలో చేర్చుట యెంతో సులభమై యుండెడిది. చేర్చియున్నచో నష్టపడియుండునది మానవజ్ఞానమే. దీనివలన పంట పండునా, రోగము కుదురునా యని యడుగువారికి, ఇప్పుడు కాదని నిజాయితీగా చెప్పవలెను. ప్రయోజనములను కల్పించి చూపుట శాస్త్రమునకు ద్రోహము. తానున్న విశ్వము ఎట్టిదో తెలిసికొనవలెనను కోరిక నాగరిక సమాజమునకు సహజధర్మము. దానిని పోషించుట ప్రభుత్వ ధర్మము.

సైద్ధాంతిక పరిశోధనకు వలయునవి జీతము, గ్రంథాలయము, గణనయంత్రము, నిశ్చింతమైన కాలము. వీనిలో మొదటి మూడింటి ఖర్చు స్వల్పము. నాలుగవదానినే మన మీయ నిరాకరించుచున్నాము. కావున పరిశోధన నిధులలో కొంత భాగమును దీర్ఘకాలిక కృషికై ప్రత్యేకించి, దానిని పదేండ్లకొకసారి మాత్రమే విమర్శించు పద్ధతిని ప్రభుత్వము లవలంబింపవలెను. మన విశ్వవిద్యాలయములు సైద్ధాంతిక భౌతికశాస్త్రములో స్థిరమైన యుద్యోగములను కల్పించి, యువకులను ప్రచురణముల సంఖ్యనుబట్టి గాక ప్రశ్నల గాంభీర్యమునుబట్టి ఎన్నుకొనవలెను.