పువ్వు వద్దు – ముల్లు కావాలి

శీర్షిక చూసి నవ్వుకునే మిత్రులకు ముందుగానే ఒక మనవి. నేను చెప్పబోయే ముల్లు గులాబి చెట్టుది కాదు. గడియారంలో టిక్కుటిక్కుమంటూ తిరిగే సెకన్ల ముల్లు.

మొన్న మన యూనియన్ సమావేశంలో ఒక మంచి మాట వచ్చింది. నర్సింగు కోర్సులో కొత్తగా చేరే విద్యార్థులకు మన తరఫున స్వాగతం పలకాలని. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఏమివ్వాలి అన్న దగ్గర మాత్రం చర్చ అయిదు నిమిషాల్లో తేలిపోయింది. తలా ఒక గులాబి, ఒక మెమెంటో, వేదిక మీద ఒక ఫోటో. లేచి నాలుగు మాటలు చెబుదామనుకున్నాను గానీ నోరు పెగల్లేదు. నోటితో చెప్పలేనిది కలంతో చెప్పుకోవడానికే గదా ఈ సావనీరు!

మాది ఏర్పేడు దగ్గర పల్లె. ఐ.ఐ.టి., ఐసర్ వచ్చాక ఏర్పేడు పేరు దేశమంతా తెలిసింది. కానీ మా చేలల్లోని పాములకు ఆ సంగతి ఇంకా తెలిసినట్టు లేదు. రెండేళ్ళ కింద చెనిక్కాయ చెట్లు పీకుతుంటే మా నాయనను రక్తపింజర కరిచింది. 108 బండిలో తిరుపతి పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. అక్కడ డ్యూటీలో ఉన్న నర్సమ్మ నాయన చేతి నుంచి కాస్త రక్తం తీసి, శుభ్రమైన గాజుగొట్టంలో పోసి, కదపకుండా పక్కన పెట్టింది. గడియారం చూసింది. ఇరవై నిమిషాలయ్యాక గొట్టాన్ని మెల్లగా వంచింది. గడ్డ కట్టి ఉండాల్సిన రక్తం నీళ్ళలాగా జారింది. రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలను పింజర విషం హరించేస్తుందని నేను పుస్తకంలో చదివాను. కళ్ళతో చూడడం అదే మొదటిసారి, అదీ మా నాయన రక్తంలో.

విషానికి విరుగుడు మందు ఎక్కించారు. ఆరు గంటల తర్వాత మళ్ళీ అదే పరీక్ష. ఆ రాత్రంతా ఆమె వచ్చి నాడి పట్టుకునేది, ఊపిరి లెక్కపెట్టేది, మూత్రం ఎంత వచ్చిందో రాసుకునేది. ప్రతిసారీ ఆమె కన్ను గడియారం మీదే. రెండోసారి గొట్టం వంచినప్పుడు రక్తం కదల్లేదు. “గడ్డ కట్టింది నాయనా, మీ అమ్మకు చెప్పు” అనింది. ఆ మాట నాకు ఏ ఫస్టు క్లాసు కన్నా ఎక్కువ.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. అంతకు నాలుగు నెలల ముందే మా చెల్లెలు “నేను నర్సింగు చదువుతా నాయనా” అని అడిగింది. “నర్సు పనా? ఊళ్ళో ఏమనుకుంటారు పాపా? ఇంగేమీ చదువులు లేవా?” అన్నాడాయన. అప్పుడు నేను పక్కనే కూర్చుని అన్నం తింటున్నాను. నా చదువుకు ఫీజు కట్టమని గట్టిగా అడిగినవాణ్ణి, చెల్లెలి చదువు దగ్గర తల ఎత్తలేదు. నేను చెప్పాల్సిన మాట ఆసుపత్రిలో ఎవరో తెలియని నర్సమ్మ తన పనితో చెప్పింది. ఇంటికి వచ్చాక నాయనే అన్నాడు – “పాప ఏం చదవాలంటే అది చదవనీ.”

చెల్లెలు కిందటేడు చేరింది. అక్కడ స్వాగతం ఘనంగానే చేశారు. ప్లాస్టిక్కు పూలగుత్తి ఒకటి, ఫోటో ఫ్రేము ఒకటి ఇచ్చారు. కొన్నాళ్ళకు వార్డులో పని నేర్చుకోవడం మొదలైంది. నాడి చూడమన్నారు. చెల్లెలి చేతికి మా అత్త ముచ్చటపడి కొనిచ్చిన బంగారు రంగు గడియారం ఉంది. దానికి రెండే ముళ్ళు! వార్డులోకి ఫోను తీసుకుపోకూడదు. పాపం, ఆ పిల్ల రోగి చెయ్యి పట్టుకుని అట్లనే నిలబడిపోయిందట. ఎవరూ తిట్టలేదు. “రేపు సెకన్ల ముల్లున్నది తెచ్చుకో” అన్నారంతే. ఇంటికి ఫోను చేసి ఆ సంగతి చెప్పలేదు. నెల చివర కదా, నాయన దగ్గర డబ్బులుండవని దానికి తెలుసు. పది రోజులు స్నేహితురాలి గడియారంతో గడుపుకుంది. సెలవుకు వచ్చినప్పుడు నవ్వుతూ చెప్పింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇంట్లో గూట్లో ఆ ఫోటో ఫ్రేము ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

సైన్సు విద్యార్థులం గనుక లెక్క చూద్దాం. పదిహేను సెకన్లు నాడి లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే నిమిషం లెక్క వస్తుంది. కానీ పదిహేను సెకన్లలో ఒక్క దెబ్బ తప్పు లెక్కపెడితే నిమిషానికి నాలుగు తప్పుతుంది. పొరపాటు కూడా గుణకారమవుతుంది! అందుకే నాడి సక్రమంగా కొట్టుకోనప్పుడు నిండు నిమిషం లెక్కపెట్టాలంటారు. ముల్లు లేని గడియారంతో ఆ పని ఎట్లా సాగుతుంది?

మరి మణికట్టుకు కట్టుకునే గడియారమే ఇవ్వాలా? దానికన్నా మంచిది ఇంకొకటుంది. ఛాతీ దగ్గర పిన్నుతో తగిలించుకునేది. తలకిందులుగా వేలాడుతుంది, కిందికి చూసే మనిషికి సరిగ్గా కనిపిస్తుంది. చేతికి ఏ అడ్డూ లేకుంటే మోచేతి దాకా శుభ్రంగా కడుక్కోవచ్చు. 1847లో వియన్నా ఆసుపత్రిలో సెమ్మెల్వైస్ అనే డాక్టరు, చేతులు కడుక్కుని వస్తే బాలింతల చావులు తగ్గుతాయని చూపించాడు. ఆనాడు చాలామంది పెద్దలు ఆయన మాట చెవిన పెట్టలేదు. ఈనాడు నర్సింగు విద్యార్థి నేర్చుకునే మొదటి పాఠాల్లో అదొకటి.

చెల్లెలి సంగతి విన్నాక మిత్రులం పదకొండుమందిమి కలుసుకున్నాం. ఈ ఏడాది మా చుట్టుపక్కల పల్లెల నుంచి ఆరుగురు నర్సింగులో చేరారు – అయిదుగురు అమ్మాయిలు, ఒక అబ్బాయి. ఏమేం కావాలో చెల్లెల్నే రాసిమ్మన్నాం. మాకు తోచింది కొనకుండా, ఒక ఏడాది ముందు ఆ దారిన నడిచిన మనిషిని అడిగాం. మేం చేసిన తెలివైన పని అదొక్కటే!

తిరుపతి గాంధీరోడ్డులో ఒక పూటంతా తిరిగి బేరమాడాం. పిన్ను గడియారం 160 రూపాయలు. కట్లు కత్తిరించే కత్తెర 60. దీని ఒక మొన మొద్దుగా ఉంటుంది, కట్టు కిందికి దూర్చినా చర్మానికి గుచ్చుకోదు. నాలుగు రంగుల పెన్ను 20. జేబులో పట్టే నోటుబుక్కులు రెండు 30. తువ్వాలు 40. గోళ్ళు తీసుకునే కట్టరు 20. సేఫ్టీ పిన్నుల అట్ట 15. ఏర్పేడులో కుట్టించిన గుడ్డ సంచి 25. మొత్తం 370. ఆరుగురికి 2,220. తలా 200 వేసుకుంటే 2,200 వచ్చింది. తక్కువైన ఇరవై రూపాయలు “పిల్లోళ్ళ చదువుకు గదా” అని సంచులు కుట్టినామె వదిలేసింది.

ఆ సంగతి విన్న మా అమ్మ ఊరుకుంటుందా? చేలో పండిన చెనిక్కాయలు వేయించి, బెల్లం పాకం పట్టి, ఉండలు చేసి ఒక్కో సంచిలో పది పెట్టింది. “నైటు డ్యూటీలో ఆకలవతాది” అనింది. మా లెక్కలో లేని వస్తువు అదొక్కటి. అందరికంటే ముందు ఖర్చయిపోయింది కూడా అదేనట!

కొందరు మిత్రులు అడగవచ్చు – ఇవన్నీ కాలేజీవాళ్ళో, ప్రభుత్వమో ఇవ్వాలి గానీ మనమెందుకని. నిజమే, ఇవ్వాలి. అడుగుదాం కూడా. కానీ అర్జీకి జవాబు వచ్చేదాకా నాడి ఆగదు. మరికొందరు, పెన్నులూ కత్తెరలూ ఇస్తే దానం చేసినట్టు ఉంటుందేమో, గులాబి అయితే గౌరవంగా ఉంటుందంటారు. నాకట్లా తోచదు. ఎదుటి మనిషి పనేమిటో తెలుసుకుని ఇచ్చినదే గౌరవం. అయితే ఒక్క షరతు. పేదవాళ్ళెవరని చేతులెత్తమనకూడదు. ఇస్తే అందరికీ ఒకే సంచి. దాని మీద మన యూనియన్ పేరు పెద్దక్షరాల్లో అచ్చు వేయించకూడదు.

గౌరవం సంగతి వచ్చింది గనుక ఇంకొక్క మాట. 2020 మార్చి 22న సాయంత్రం అయిదు గంటలకు దేశమంతా వాకిళ్ళలో నిలబడి డాక్టర్లకూ నర్సులకూ చప్పట్లు కొట్టింది. ఆ దినాల్లోనే, అద్దె ఇళ్ళు ఖాళీ చేయమని నర్సుల్ని వెళ్ళగొట్టిన వార్తలూ చదివాం. ఫ్లారెన్స్ నైటింగేల్ పుట్టి సరిగ్గా రెండువందల ఏళ్ళు నిండిన సంవత్సరం అది! చప్పట్లకు ఖర్చు లేదు. గులాబికి పది రూపాయల ఖర్చు, సాయంత్రానికి వాడిపోతుంది. నైటింగేల్ చేతిలోని దీపాన్ని మనం బొమ్మల్లో పూజ దీపంలాగా వేస్తాం. నిజానికి ఆమె క్రిమియా యుద్ధకాలంలో టర్కీ ఆసుపత్రి వార్డుల్లో పట్టుకుని తిరిగింది మడతల కాగితపు లాంతరు. ఆ దేశపు బజారులో దొరికే మామూలు వస్తువు. అలంకారానికి కాదు, చీకట్లో రోగి ముఖం కనపడడానికి!

కాబట్టి యూనియన్ మిత్రులకు నా విన్నపం. మెమెంటోల ఆర్డరు ఇంకా ఇవ్వలేదని విన్నాను. ఆ డబ్బుతో గడియారాలు కొనండి. చాలకపోతే ఈ సావనీరు చదివే పాత విద్యార్థుల్ని అడగండి, లెక్చరర్లను అడగండి. పదకొండుమందిమి చేయగలిగింది ఇంత పెద్ద కాలేజీ చేయలేదా? సంచులు కుట్టించే పని నాకు వదిలేయండి. ఈసారి ఇరవై రూపాయలు కూడా బాకీ పెట్టకుండా ఆమెకు చెల్లిద్దాం.

ఆ రాత్రి మా నాయన మంచం పక్కన నిలబడిన నర్సమ్మ పేరు నాకు తెలియదు. కృతజ్ఞతలు చెప్పుకోవడం కూడా మరిచిపోయాను. ఆమెకు మొదటి గడియారం ఎవరు కొనిచ్చారో గానీ, వాళ్ళకు మా ఇల్లు రుణపడి ఉంది.