తీరము వెంబడి యాత్ర: ఎచ్చట దిగవలెను?

విహారయాత్ర మాట వచ్చినప్పుడెల్ల మన పాఠశాలలలో నొక్కటే పద్ధతి సాగుచున్నది. బరంపురమున రాత్రి బస్సెక్కుట, తెల్లవారునప్పటికి విశాఖపట్టణము చేరుట, ఒక్క పగటిలో కైలాసగిరియు, జంతుప్రదర్శనశాలయు, సముద్రతీరమును చూచి మరల రాత్రి బస్సెక్కుట. నడుమనున్న సుమారు 260 కిలోమీటర్ల నేల నిద్రలోనే గడచిపోవుచున్నది. మన పిల్లలు ముందుగా చూడవలసినది ఆ నేలయే యని మా యభిప్రాయము.

తీరయాత్ర యనగానే బాలురు బస్సులో నెడమవైపు కిటికీకై పోటీపడుదురు. ఆ పోటీ వృథా. 16వ నంబరు జాతీయ రహదారి తీరమునకు సమాంతరముగా పోవునే కాని, ఇచ్ఛాపురము మొదలు శ్రీకాకుళము వరకు దానిమీదనుండి సముద్రము దాదాపుగా కానరాదు. కడలిని చూడగోరువారు ప్రతి చోటను పెద్దబాట విడిచి, తోటల నడుమ సన్నని దారి పట్టి, చూచి, వచ్చిన దారినే మరలవలెను. మజిలీలు పెరిగిన కొలది దూరము పెరుగును, బస్సు కిరాయి పెరుగును, పొద్దు గడచును. పది చోటులు వ్రాసికొని పావుగంట చొప్పున నిలుచుటకంటె, నాలుగైదు చోటుల దిగి పూటపూట గడపుట మేలు.

మొదటి మజిలీ బారువ కావలెనందుము. మన మహేంద్రగిరి కొండలలో పుట్టిన మహేంద్రతనయ యిచ్చట సముద్రమున కలియుచున్నది. 1936వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు గంజాము సీమకు నడుమ సరిహద్దు ఏర్పడినది. బంధుత్వములు మాత్రము తెగలేదు. మన పిల్లల మేనమామల యిండ్లు ఇచ్ఛాపురములోను, సోంపేటలోను, పలాసలోను ఎన్నియో కలవు. పిల్లలు పెండ్లికి పోవుదురు, విస్తరిముందు కూర్చుందురు, మరలి వత్తురు. అచ్చటికి దాపుననే యున్న సముద్రమును చూడరు. దారిలోని ఉద్దానపు కొబ్బరితోటలు 2018 అక్టోబరు 11న వచ్చిన తిత్లీ తుపానులో కూలినవి. మొక్క నాటినది మొదలు కాయ చేతికి వచ్చువరకు ఎన్ని యేండ్లు పట్టునో, అంతవరకు ఇల్లెట్లు గడచినదో ఒక రైతు నడిగి తెలిసికొన్నచో, అది భూగోళపాఠమునకు తీసిపోదు.

టెక్కలి చేరువనున్న తేలినీలాపురమున శీతకాలమందు గూడబాతులును, ఎర్రకాళ్ల కొంగలును ఊరిచెట్ల మీదనే గూళ్లు కట్టును. గ్రామస్థులు వానిని శుభముగా నెంచి కాపాడుదురు. అచ్చట కేకలు వేయకుండ గంటసేపు నిలువగలిగినచో చాలును.

ఎక్కువ కాలము కళింగపట్నమునకును శ్రీకూర్మమునకును ఈయవలెను. వంశధార సముద్రమున పడు కళింగపట్నము ప్రాచీనమైన రేవు. ఏటి యొడ్డుననే కొంచెము ఎగువన శాలిహుండము కొండపై బౌద్ధ స్తూపముల, చైత్యముల శిథిలములు కలవు. వానిని 1919లో వెలుగులోనికి తెచ్చినవారు, నేడు మన రాష్ట్రముననున్న పర్లాకిమిడిలో అధ్యాపకులుగా నుండిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. (వాడుకభాషకై పోరాడిన ఆ మహనీయులు మా యీ వ్యాసపు భాషను చూచిన నేమందురో!) శ్రీకూర్మమున కూర్మనాథుని యాలయ స్తంభములపై ఎన్నియో శాసనములు కలవు, 1281 నాటి నరహరితీర్థులవారి శాసనము వానిలో నొకటి. మన పిల్లలకు తెలుగు చెవికి తెలిసిన భాష. వీధిలోని పలకలపై ఒడియా, ఆంగ్లములే తరచు కానవచ్చును. తెలుగు లిపి పాఠ్యపుస్తకము దాటి వారి కంటబడుట అరుదు. ఏడెనిమిది వందల యేండ్లనాటి రాతిపై ఒక 'న'నో, ఒక 'ర'నో తానుగా గుర్తుపట్టిన బాలుడు, పదవ తరగతి తరువాత తెలుగు విడువవలెనా యని ఒకమారు ఆలోచించును. ఈ యాత్ర కోరుటకు మాకు ముఖ్యకారణ మిదియే.

భీమునిపట్నమున డచ్చివారి సమాధులు చూచి, ఎర్రమట్టిదిబ్బల మీదుగా విశాఖకు పోవచ్చును. ఎడమవైపు కిటికీకి విలువ వచ్చునది ఈ దారిలోనే.

తలిదండ్రుల సందేహములు మాకు తెలియనివి కావు. ఆడపిల్లలను రెండు రాత్రులు పంపుటెట్లని కొందరందురు. ఇద్దరు ఉపాధ్యాయినులును, రాగలిగిన తల్లులు ముగ్గురు నలుగురును వెంటరావలెను. లేనిచో యాత్రయే వలదు. బసకు హోటలు అక్కరలేదు. సంక్రాంతికి ఆవలి పాఠశాలలకు సెలవులు. అచ్చటి ప్రధానోపాధ్యాయులకు ముందే జాబు వ్రాసి రెండు గదులు అడుగవచ్చును. కనుమ మరునాడు బయలుదేరినచో తుపానుల కాలము దాటియుండును, ఎండ ముదరదు, పక్షులును ఉండును. సముద్రస్నానము మాత్రము కూడదు. ఈ తీరమున కెరటము మరలునప్పుడు పాదముల క్రింది యిసుకను లాగికొనిపోవును. మడమలు తడిసిన చాలును.

ఏర్పాట్లన్నియు ఉపాధ్యాయులే చేసిపెట్టుట మాకు సమ్మతము కాదు. తొమ్మిదవ తరగతివారు పటము ముందుంచుకొని, రహదారినుండి ప్రతి మజిలీకి పోయివచ్చు దూరమును కూడి, కిలోమీటరుకు బస్సువా డడుగు కిరాయితో హెచ్చించి, తలకెంత పడునో తేల్చవలెను. ఆ లెక్క దీపావళికి ముందే తలిదండ్రుల చేతికి అందినచో, కూలికి పోవు ఇండ్లవారు వారమునకు కొంత చొప్పున కూడబెట్టుకొనుటకు వ్యవధి యుండును.