కెమేరాకు పై కటకము కొనవలెనా?



ఇంటికి ఒక వస్తువు కొనునపుడు దాని వెల యెంతయని అడుగుటకు ముందు, అది తీర్చు కొరత యేమని అడుగుట మేలు. ఈ మాసము చిన్న కెమేరాకు తగిలించు పై కటకమును గూర్చి విచారింతము. మా గోదావరిఖనిలో ఈ ప్రశ్న పుట్టుటకు తగిన కారణమే కలదు.

సింగరేణి సంస్థ 2021లో తన ఉద్యోగుల విరమణ వయస్సును 61 ఏండ్లకు పెంచినది. ఆ దినము వచ్చినపుడు గనితోపాటు సంస్థవారి క్వార్టరును గూడ విడువవలసి యుండును. పిల్లలు పుట్టి పెరిగిన గదిలోనే కడసారి అందరును గూడి ఒక ఛాయాచిత్రము తీసికొనవలెనని మా వాడలోని ఒక సోదరి కోరిక. కుమారుడు వాడి యిచ్చిన ఫ్యూజీఫిల్మ్ ఎక్స్‌100ఎఫ్ కెమేరా ఆమెయొద్ద కలదు. 2017లో వెలువడిన ఈ కెమేరా కటకమును ఊడదీసి మార్చుటకు వీలులేదు. చూపును మార్చదలచినచో దాని ముందు మరియొక కటకమును బిగింపవలెను. దీనినే కన్వర్షన్ లెన్సు అందురు.

ఇవి రెండు విధములు. ఒకటి దూరపు వస్తువును దగ్గరగా చూపునది; రెండవది చూపును విశాలము చేయునది. ఈ కెమేరా చూపు 35 మిల్లీమీటర్ల కటకపు చూపుతో సమానము. మొదటిది తగిలించిన అది 50గాను, రెండవది తగిలించిన 28గాను మారును. ముందు తగిలించు ఈ కటకములవలన వెలుతురు తగ్గకుండుట వీని సుగుణము.

మొదటిదానివలన బొమ్మ సుమారు 1.4 రెట్లు పెద్దదగును. చిత్రము తీసిన పిదప అంచులు కత్తిరించినను దాదాపు ఆ ఫలమే లభించును. ఈ కెమేరా చిత్రములో సుమారు 2 కోట్ల 40 లక్షల బిందువులుండును. అంతమేర కత్తిరింపగా అందు సగము మిగులును. 8 అంగుళముల వెడల్పు, 10 అంగుళముల పొడవు గల పటమును అంగుళమునకు 300 బిందువుల చొప్పున ముద్రించుటకు 72 లక్షలు చాలును. గోడపటమునకే చాలినపుడు ఆల్బమునకు వేరుగ చెప్పనేల? కావున మొదటిది అనవసరము.

రెండవదాని ఫలము కత్తిరింపుచే రాదు. చట్రమునకు వెలుపల నిలిచిన పిన్నమ్మను ఏ కత్తెరయు లోనికి తేజాలదు. వెనుకకు జరుగుదమన్న గోడ అడ్డగించును. అయినను తొందరపడక, ఒక టేపు తీసికొని గది కొలువుడు. కెమేరాను అడ్డముగ పట్టినపుడు 35 కటకము ఎంత దూరమున నున్న వరుసను చూచునో, ఇంచుమించు అంత వెడల్పు పట్టును. 10 అడుగుల దూరమున 10 అడుగులు. 28 అయినచో సుమారు 13 అడుగులు. మనిషికి అడుగున్నర చొప్పున మొదటిదానిలో ఆరుగురు, రెండవదానిలో ఎనమండుగురు కూర్చుందురు. అనగా, వరుసకు ఇద్దరి చోటు కొరకే ఈ వ్యయమంతయు! పెద్దలను కుర్చీలపై కూర్చుండబెట్టి, పడుచువారిని వెనుక నిలిపి, పిల్లలను నేలపై చాపవేసి కూర్చుండబెట్టినచో ఆ ఇద్దరికిని చోటు దొరకును. పైగా విశాలమైన చూపులో అంచున నున్నవారి ముఖములు సాగినట్లు కనబడును.

మనది బొగ్గుదుమ్ము ఎగురు ప్రదేశము. పై కటకము తగిలించినచో తుడువవలసిన అద్దపు ముఖములు హెచ్చును. రెంటి నడుమ చేరిన ధూళి వెలుతురునకు ఎదురుగ తీసినపుడు చిత్రమును మసక చేయును. పేరులేని చౌక కటకములతో చిత్రపు మూలలు మసకబారుటయు, నల్లబడుటయు సామాన్యము.

ఇంతకన్న ముఖ్యమైన కొరత యొకటి కలదు. మీ ఇంటి ఆల్బము తెరచి చూడుడు. అందరును ఉందురు, కెమేరా పట్టిన ఇల్లాలు మాత్రము ఉండదు. ముప్పది ఏండ్లు ఆ గదిలో వండి వడ్డించి, రాత్రి షిఫ్టు ముగించి వచ్చువారి కొరకు తలుపు తీసిన మనిషికి ఆ గది చిత్రములోనే స్థానము లేకపోవుట న్యాయమా? ఈ కొరతను ఏ కటకమును తీర్చదు. ఒక ముక్కాలి స్టాండు తీర్చును. దాని వెల కటకపు వెలలో అల్పభాగమే. కెమేరాను దానిపై నిలిపి, 10 సెకనుల టైమరు పెట్టి, వచ్చి మీవారి ప్రక్కన కూర్చుండుడు. ఒకటికి నాలుగుసార్లు తీయుడు. ఎవరో ఒకరు కన్ను మూయుట తప్పదు.

ఇరుకు గదులను, ఆలయమండపములను తరచుగ చిత్రించువారు తమ కెమేరాకే తయారీదారు చేసిన విశాల కటకమును కొనవచ్చును. ఒక్క శుభకార్యము కొరకైనచో ఎరువు తెచ్చుకొనుట చాలును. తక్కినవారు ముందు గది కొలిచి, వరుసలు సరిచేసి, తమకును ఒక కుర్చీ వేసికొందురు గాక.