అర నిమిషం లెక్క

2025 మార్చి చివర్లో ఏ ఫోన్ తెరిచినా అందరూ బొమ్మలైపోయి కనిపించారు. పెళ్ళి ఫొటోలు, అన్నప్రాశనలు, నాయకుల పర్యటనలు, ఆఖరికి ఎప్పుడో పోయిన తాతగారి పాస్‌పోర్టు ఫొటో కూడా లేత రంగులు పులుముకుని ‘జిబ్లీ స్టైల్’లోకి మారిపోయింది. ఫొటో ఎక్కించి ఒక వాక్యం టైపు చేస్తే చాలు, మిగతాది కృత్రిమ మేధ చూసుకునేది. అర నిమిషం, మహా అయితే ఒక నిమిషం. జిబ్లీ అంటే 1985లో జపాన్‌లో మొదలైన సినిమా స్టూడియో అనీ, అక్కడ మనుషులు బల్లల ముందు కూర్చుని పెన్సిల్‌తో బొమ్మలు వేస్తారనీ తెలియకుండానే మనవాళ్ళు చాలామంది ఆ ముచ్చట తీర్చుకున్నారు. తప్పేం లేదు, ముచ్చట ముచ్చటే. ఆ వేడి కాస్త చల్లారాక జపాన్ వెళ్ళి, టోక్యో పడమటి శివారు మితాకాలో ఉన్న జిబ్లీ మ్యూజియం చూస్తుంటే, అక్కడున్నంతసేపూ ఆ అర నిమిషమే మనసులో తిరిగింది.

మితాకా స్టేషన్ నుంచి మ్యూజియం దాకా బస్సుంది. అయినా నడిచి వెళ్ళడమే బాగుంటుంది. ఇరవై నిమిషాలకు మించి పట్టదు. దారి పొడుగునా తమగావా కాలువ. అప్పట్లో ఎడో అని పిలిచే టోక్యో నగరానికి మంచినీళ్ళ కోసం 1653లో తవ్వించారు. 1948 జూన్‌లో ఒసాము దజాయ్ అనే గొప్ప నవలాకారుడు, ఇంకా నలభై ఏళ్ళు నిండకుండానే, ఈ కాలువలోనే పడి ప్రాణం తీసుకున్నాడు. ఇప్పుడక్కడ చెట్ల నీడలో సన్నటి పాయ తప్ప ఏమీ కనబడదు. బడిపిల్లలు సైకిళ్ళ మీద పోతుంటారు.

ఇనోకషిరా పార్కు అంచున చెట్ల మధ్య ఒదిగిన ఈ భవనాన్ని 2001 అక్టోబర్ 1న తెరిచారు. అంటే జిబ్లీ దర్శకుడు హయావో మియాజాకీ తీసిన ‘స్పిరిటెడ్ అవే’ జపాన్ థియేటర్లలోకి వచ్చిన రెండున్నర నెలలకే. భవనం ఎలా ఉండాలో బొమ్మలు గీసి చెప్పింది మియాజాకీ. దాన్ని నేల మీద నిలబెట్టే పని చూసి, తొలి డైరెక్టరుగా నడిపింది ఆయన కొడుకు గోరో. అప్పటికి గోరోకి సినిమాలతో సంబంధం లేదు, పార్కులూ తోటలూ డిజైన్ చేసే వృత్తి. మరో సంగతి మన చెవికి కొత్తగా ఉంటుంది: ఇది స్టూడియో సొంత ఆస్తి కాదు, మితాకా మునిసిపాలిటీది. అధికారికంగా దాని పేరే నగర యానిమేషన్ మ్యూజియం. కరోనా కాలంలో తలుపులు మూసుకుని ఆదాయం పడిపోయినప్పుడు, 2021లో మునిసిపాలిటీయే ముందుకొచ్చి చందాలు అడిగింది. కోటి యెన్‌లు అనుకుంటే ఒక్క రోజులో నిండిపోయాయి. రెండు లక్షల జనాభా కూడా లేని ఊరు అది.

లోపలికి వెళ్ళగానే మన మండువా లోగిలి గుర్తొస్తుంది. నడుమ పైకప్పు దాకా ఖాళీ, పైన అద్దాల గుమ్మటం, చుట్టూ గదులు, వాటిని కలుపుతూ వంతెనలు, మనిషి ఒదిగి ఎక్కాల్సినంత ఇరుకైన ఇనుప మెట్లు. ఇటు వెళ్ళండి, తర్వాత అటు వెళ్ళండి అనే బాణం గుర్తులు లేవు. దారి తప్పమనే వాళ్ళ పిలుపు. ‘టొటోరో’ సినిమాలోని పిల్లి బస్సు ఒక గదిలో మెత్తటి బొచ్చుతో కూర్చుని ఉంటుంది. దాంట్లోకి ఎలిమెంటరీ స్కూలు పిల్లలకే ప్రవేశం. పెద్దవాళ్ళు పక్కన నిలబడి కుళ్ళుకోవాలి. భవనంలో ఫొటోలు తీయనివ్వరు. మేడ మీద, ‘లపుతా’ సినిమాలోని నిలువెత్తు మరమనిషి దగ్గర మాత్రం తీసుకోవచ్చు, అక్కడ జనం వరస కడతారు. మొదట చిరాకనిపించే ఈ నిషేధం కాసేపటికి హాయిగా తోస్తుంది. చుట్టూ ఉన్నవాళ్ళ చేతులు ఖాళీగా ఉండడం, కళ్ళు వస్తువుల మీద ఉండడం ఈ మధ్య ఏ మ్యూజియంలో చూశాం?

నేలమాళిగలో ఒక చీకటి గది. మధ్యలో పెద్ద గుండ్రటి బల్ల, దాని మీద వరసలు వరసలుగా చిన్న చిన్న బొమ్మలు. తాడాట ఆడుతున్న, ‘టొటోరో’ సినిమాలోని అక్కాచెల్లెళ్ళు సత్సుకి, మేయి, గెంతబోతున్న టొటోరో, పరుగెత్తబోతున్న పిల్లి బస్సు. ఒక్కో బొమ్మ దాని పక్కదానికంటే రవ్వంత తేడాగా ఉంటుంది: ఒకచోట మోకాలు కాస్త వంగింది, పక్కన ఇంకాస్త. బల్ల తిరగడం మొదలవుతుంది. వేగం పెరిగేకొద్దీ అన్నీ కలగలిసి మసకమసకగా అయిపోతాయి, ఏమీ కనబడదు. అంతలో పైనుంచి దీపం టపటపా కొట్టుకోవడం మొదలుపెడుతుంది, అంతే: టొటోరో గెంతుతాడు! తాడు పైకి లేస్తుంది, బస్సు కాళ్ళన్నీ ఆడిస్తూ పరుగు తీస్తుంది. గదిలో ఉన్న పిల్లలూ పెద్దలూ ఒకే గొంతుతో ‘ఓ’ అంటారు. దీపం మామూలుగా వెలిగితే మళ్ళీ మసక. మనం చూసిన కదలిక ఆ బల్ల మీద లేదు, మన కంట్లో ఉంది. దాన్ని కంటికి అందించడానికి మాత్రం ఎవరో కూర్చుని ఆ మోకాళ్ళన్నీ ఒక్కొక్కటిగా వంచారు. అమెరికాలో పిక్సార్ వాళ్ళు దీన్ని చూసి ముచ్చటపడి ‘టాయ్ స్టోరీ’ బొమ్మలతో తమకూ ఒకటి చేసుకున్నారు. యానిమేషన్ గురించి ఎన్ని పుస్తకాలు చదివినా రాని ఎరుక ఈ బల్ల ముందు రెండు నిమిషాల్లో వస్తుంది.

దీని పైఅంతస్తులో సినిమా పుట్టే చోటంటూ అమర్చిన ఐదు గదులు. గోడల నిండా చిత్తుబొమ్మలు, రంగుల గీతలు, విమానాల నమూనాలు, బీరువాల్లో పాత పుస్తకాలు. మియాజాకీ సినిమాల స్టోరీబోర్డులు అక్కడే కూర్చుని పేజీలు తిప్పి చూసుకోవచ్చు. బల్ల మీద సిగరెట్ పీకలతో నిండిన యాష్‌ట్రే, ఇక వేళ్ళ మధ్య నిలవనంతగా అరిగిపోయిన పెన్సిల్ ముక్కలతో నిండిన సీసా. ఎక్కువసేపు ఆపింది ఆ సీసానే. వేరే మ్యూజియంలో అయితే కళాఖండం పెట్టే చోట ఇక్కడ చెత్తబుట్టలోకి పోవాల్సింది పెట్టారు.

నిజానికి యానిమేషన్‌కి మ్యూజియం పెట్టాలంటే మొదటి చిక్కే ఇది. శిల్పానికి రాయి ఉంటుంది, చిత్రానికి కాన్వాసు ఉంటుంది. యానిమేషన్ సినిమాకి అసలు ప్రతి ఏది? తెర మీద పడిన వెలుతురా? ఆ వెలుతురు వెనక ఉన్న వేలకొద్దీ కాగితాల్లో ఏ ఒక్కటీ విడిగా సినిమా కాదు. సెకనుకి 24 ఫ్రేములు. అర నిమిషానికి 720. ఒక్కో బొమ్మని రెండేసి మూడేసి ఫ్రేముల పాటు నిలిపి పొదుపు చేసినా, తెర మీద ఒక్క మనిషి అర నిమిషం కదలాలంటే 240 నుంచి 360 బొమ్మలు వెయ్యాలి. అది తేలిక షాట్ అయితే. 2013లో వచ్చిన జిబ్లీ సినిమా ‘ది విండ్ రైజెస్’లో భూకంపం తర్వాత జనం కిక్కిరిసి కదిలే ఒక దృశ్యం ఉంది, నిడివి నాలుగు సెకన్లు. ఎయిజి యమమోరి అనే యానిమేటర్ దాని మీద కూర్చుని లేచేసరికి ఏడాదీ మూడు నెలలు గడిచాయి. ఆ గుంపులో ఎవరి కంగారు వాళ్ళది, ఎవరి మూట వాళ్ళది. ఇదీ అసలు అర నిమిషం లెక్క. ఫోన్లో మనకి దక్కిన బొమ్మలో ఈ పని ఎక్కడా లేదు. ఈ పని చేసినవాళ్ళు ఏళ్ళ తరబడి తేల్చుకున్న రంగులూ ముఖాలూ మాత్రం ఉన్నాయి, వాళ్ళని అడక్కుండా.

ఆ ఫొటోల సరదా రోజుల్లోనే మియాజాకీ వీడియో ఒకటి జోరుగా తిరిగింది. కృత్రిమ మేధ అంటే జీవితాన్నే అవమానించడమని ఆయన అన్నాడని, ఈ ఫొటోల సరదాకి చెంపపెట్టని పంచుకున్నారు. అది 2016లో జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే చూపించిన డాక్యుమెంటరీలోది, మన ఫొటోలతో సంబంధం లేదు. కంప్యూటర్‌కి నేర్పి తయారుచేసిన ఒక దేహం తలనే కాలుగా వాడుకుంటూ వికృతంగా పాకడాన్ని కుర్రాళ్ళు ఉత్సాహంగా చూపిస్తే, అవయవ లోపంతో చెయ్యెత్తి కలపడానికి కూడా కష్టపడే తన మిత్రుడు గుర్తొచ్చి ఆయన మండిపడ్డాడు. ఆయన కోపం యంత్రం మీద కాదు, నొప్పి అంటే ఏమిటో తెలియకుండా దేహాన్ని ఆడించడం మీద. అదే డాక్యుమెంటరీలో ఆయన ‘బోరో’ అనే గొంగళిపురుగు కథని కంప్యూటర్ గ్రాఫిక్స్‌తో తీయడానికి తంటాలు పడుతూ కనిపిస్తాడు. 2018లో విడుదలైన ఆ చిన్న సినిమా ఈ మ్యూజియంలోని శాటర్న్ థియేటర్‌లో చూపించడానికే తీసింది. ఇలాంటి చిన్న సినిమాలు అక్కడ మార్చి మార్చి వేస్తారు. డీవీడీల్లో, ఓటీటీల్లో దొరకవు. ఎనభై మంది పట్టే హాలు, అద్దాల గదిలో ప్రొజెక్టర్ తిరగడం కూడా కనిపిస్తుంది. ప్రవేశానికి చేతికిచ్చే టికెట్ కూడా థియేటర్లలో ఆడిన 35 ఎంఎం ఫిల్మ్ ముక్కే. మూడు ఫ్రేములుంటాయి. వెలుతురుకి పెట్టి చూస్తే మూడూ ఒకటే అనిపిస్తుంది. కళ్ళు చిట్లించి చూస్తే జుట్టు కొస ఎక్కడో చెదిరి ఉంటుంది. సెకనులో ఎనిమిదో వంతు అది.

ఇంత మెచ్చుకున్నాక ఒక పేచీ పెట్టుకోవాలి. ఆ ఐదు గదులూ ఒక్క మనిషి గదుల్లా ఉంటాయి. ఎవరో ఒంటరి స్వాప్నికుడు కిటికీ పక్కన కూర్చుని కలగంటే సినిమా అయిపోయినట్టు. జిబ్లీ సినిమా అలా తయారు కాదు. అడవులూ ఆకాశాలూ వేసిన కజువో ఓగా, తోయెయి స్టూడియో రోజుల నుంచీ వెంట ఉండి ఒక్కో పాత్ర బట్ట రంగు దాకా తేల్చిన మిచియో యసుదా, ప్రధాన భంగిమల మధ్య ఖాళీలు నింపే బొమ్మలు వేసే వందలమంది కుర్రాళ్ళు, వీళ్ళందరి బల్లలూ కలిస్తేనే సినిమా. జపాన్‌లో ఇలా ఖాళీలు నింపే బొమ్మలు వేసేవాళ్ళకి బొమ్మకి ఇంతని కట్టిచ్చే కూలి చాలా తక్కువన్నది దశాబ్దాల నాటి ఫిర్యాదు. ఇది మియాజాకీకి తెలియని విషయమూ కాదు. 1963లో తోయెయిలో చేరిన ఆయన మరుసటి ఏడాదికే అక్కడి కార్మిక సంఘం కార్యదర్శి. తర్వాత జిబ్లీలో తోడు నిలిచిన ఇసావో తకహాత ఆ సంఘానికి ఉపాధ్యక్షుడు. ఆ సంఘం మనిషి కట్టించిన ఇంట్లో జీతాల పుస్తకం కూడా ఒక బల్ల మీద ఉంటే బాగుండేది. 2019 జులై 18న క్యోటో యానిమేషన్ స్టూడియోకి ఒక దుండగుడు నిప్పుపెట్టి 36 మంది ప్రాణాలు తీసినప్పుడు, ఎండ్ టైటిల్స్‌లో ఎవరూ ఆగి చదవని పేర్లు మొదటిసారి పత్రికల మొదటి పేజీలకెక్కాయి. పేర్లు అలా తెలియాల్సి రావడం కంటే ఘోరం లేదు.

మన సంగతి చూద్దాం. యానిమేషన్ మనకి పరాయి పనేమీ కాదు. పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ తెలిసిన ఛోటా భీమ్, 2008లో పోగో చానల్‌కి ఎక్కినవాడు, పుట్టింది హైదరాబాద్‌లో, రాజీవ్ చిలక పెట్టిన గ్రీన్ గోల్డ్ స్టూడియోలో. అమెరికా, యూరప్ టీవీ కార్టూన్ల పని ఏళ్ళుగా అదే ఊళ్ళో సాగుతోంది. ఫైన్ ఆర్ట్స్ చదివిన కుర్రాళ్ళు రాత్రులు కూర్చుని ఎవరి కథకో చేతులూ కాళ్ళూ ఆడిస్తుంటారు. ఎపిసోడ్ అయిపోగానే చానల్ వాళ్ళు ప్రకటన వేసేస్తారు, పేర్లు అక్కడితో సరి. ఛోటా భీమ్ లడ్డూ ఎలా ఎగరేస్తాడో ఒక పిల్లవాడికి విడమరిచి చూపించే గది హైదరాబాద్‌లో ఎక్కడా మాకు తారసపడలేదు. తొలి తెలుగు మూకీ ‘భీష్మ ప్రతిజ్ఞ’ ఒక్క రీలైనా మిగల్చకుండా పోగొట్టుకున్నవాళ్ళం. ఈ కంప్యూటర్ ఫైళ్ళు వందేళ్ళు నిలుస్తాయని నమ్మడానికి మాకు కారణం కనిపించదు.

ఫొటోల సరదాకి రెండు నెలల ముందు, 2025 జనవరి 24న, మన థియేటర్లలోకి తెలుగు మాటలతో ఒక రామాయణం వచ్చింది. యుగో సాకో అనే జపనీయుడు మనసుపడి, మన యానిమేటర్ రామ్ మోహన్‌ని కలుపుకుని, 1990ల తొలినాళ్ళలో పూర్తిచేసిన యానిమేషన్ సినిమా. మొత్తం చేత్తో గీసింది. రాముడి పంచె కుచ్చిళ్ళు ఎలా పడాలో, దణ్ణం పెట్టేటప్పుడు చేతులు ఎక్కడ ఉండాలో పంచె కట్టని దేశంలోని కళాకారులు ఒక్కో కాగితం మీద నేర్చుకుంటూ వేశారు. పిల్లల్ని వెంటబెట్టుకుని ఆ సినిమా చూసినవాళ్ళు కుచ్చిళ్ళ కదలిక గమనించే ఉంటారు.

జపాన్ ప్రయాణం పెట్టుకున్నవారికి ఒక కబురు. ఈ మ్యూజియం టికెట్లు గుమ్మం దగ్గర అమ్మరు; అక్కడ కౌంటర్‌లో కనిపించేది టొటోరో, వాడు టికెట్లివ్వడు. వచ్చే నెల టికెట్లన్నీ ప్రతి నెలా 10వ తేదీన ఇంటర్నెట్‌లో పెడతారు, తేదీ, వేళ ఎంచుకుని కొనుక్కోవాలి. పెద్దవాళ్ళకి వెయ్యి యెన్‌లు, మన లెక్కన ఆరు వందల రూపాయల లోపే. మంగళవారం సాధారణంగా సెలవు. అమ్మకం మొదలయ్యేది వాళ్ళ గడియారంలో పొద్దున్న పదింటికి, మనకి ఆరున్నర. కాఫీ తాగి కూర్చుందామనుకుంటే వారాంతాలు మిగలవు.